పెద్దక్క కుర్చీలో కొత్త గొంతు

సాయంత్రం షిఫ్టు మారగానే పెద్దక్క రిటైరైపోతుంది. ఆ వెంటనే రైలెక్కి కూతురి ఊరు వెళ్లిపోతుంది. ఈలోగా, అంబులెన్సులకు ఆమె దారి చెప్పే కంట్రోల్ రూముకు చేరుకుని, ఆమె ఎదురుగా నిలబడి, థాంక్స్ చెప్పాలి. అంబులెన్సు నడిపే డ్రైవరమ్మకు ఆ రోజు అంతకు మించిన పని లేదు.

"వైర్‌లెస్‌లో చెప్పేస్తే పోలా?" అన్నాడు పక్క సీట్లోని కాంపౌండరు. అతన్ని చూస్తేనే రోగులు చేతులు దాచుకుంటారు. అందుకే అందరికీ అతను 'సూది'.

"ఆ లైను ప్రాణాల కోసంరా, మన ముచ్చట్లకు కాదు. మొహం చూసి చెప్పాలి."

"ఏడుస్తావు."

"ఏడిస్తే నీ సొమ్మేం పోయింది?"

ఏడవాల్సినంత రుణమే అది. ఉద్యోగంలో చేరిన తొలి రోజే డ్రైవరమ్మ దారి తప్పింది. వెనక ఆయాసంతో ఎగరొప్పుతున్న ముసలాయన, ముందు అడ్డంగా గోడ. ఏడుస్తూ మైకు అందుకుంది. అప్పుడు వైర్‌లెస్‌లో పెద్దక్క గొంతు వినిపించింది. "భయపడకు బంగారం. ప్రభువు నీ బండిలోనే ఉన్నాడు. ఎడమా కుడీ మర్చిపో. నీ కంటికేం కనిపిస్తోందో చెప్పు, చాలు." ఆమె కనిపించినవన్నీ చెప్పింది. పెద్దక్క వాటిని మ్యాపులో పట్టుకుని దారి చూపించింది. ముసలాయన బతికాడు. ఉద్యోగం మానేద్దామనుకున్న డ్రైవరమ్మ మర్నాడు మళ్లీ స్టీరింగు ముందు కూర్చుంది.

కంట్రోల్ రూము వీధి మలుపులో ఉండగా వైర్‌లెస్ గరగరలాడింది. కొత్త గొంతు. పెద్దక్క స్థానంలోకి వచ్చిన అమ్మాయి, షిఫ్టు మారకముందే కుర్చీ అందుకున్నట్టుంది.

"వెల్డింగు షాపు దగ్గర... గుండె నొప్పండీ... మీరే దగ్గరలో ఉన్నారు..."

సూది డ్రైవరమ్మ వంక జాలిగా చూశాడు. "ఇంకో బండిని పంపమందామా?"

"దగ్గర మనమేగా" అంటూ ఆమె బండి వెనక్కి తిప్పి సైరన్ వేసింది.

వెల్డింగు మేస్త్రీ పెదవులు నీలంగా మారాయి. అతన్ని ఎక్కించుకుని బయల్దేరేసరికి పెద్ద రోడ్డుకు అడ్డంగా లారీ పడి ఉంది.

"ఎడమ సందులోకి తిరగండి!" అంది కొత్తమ్మాయి.

తిరిగింది. సందు చివర పైపుల కోసం తవ్విన గొయ్యి నోరు తెరుచుకుని ఉంది.

"ఇక్కడ దారి లేదమ్మా!"

"మ్యాపులో ఉందండీ... ఎడమవైపే..."

డ్రైవరమ్మకు అర్థమైంది. మ్యాపులో పైన ఉత్తరం. బండేమో ఉత్తరం నుంచి కిందికి దిగుతోంది. ఆ అమ్మాయి ఎడమ, ఈమెకు కుడి. ఆ కుర్చీలో కొత్తగా కూర్చున్నవాళ్లు చేసే తప్పే.

"నావల్ల కాదండీ. ఇంకెవరినైనా..." గొంతు వెక్కిళ్లలో మునిగిపోయింది.

"నాడి జారిపోతోంది!" వెనక నుంచి సూది అరిచాడు. "ఆ పిల్లకి నాలుగు తిట్లు తగిలించు, బుద్ధొస్తుంది!"

నాలుగూ నాలుక చివరి దాకా వచ్చాయి. డ్రైవరమ్మ మింగేసింది.

"ఏమ్మా, విను. ఏడుపులో నీకంటే నేను సీనియర్ని. నువ్వు ఒంటరిగా లేవు. దేవుడున్నాడు, నేనున్నాను. ఎడమా కుడీ వదిలెయ్. నాకు కనిపించేది చెప్తాను, నువ్వు మ్యాపులో వెతుకు. నా వెనక నీళ్ల ట్యాంకు. పక్కన పసుపు గోడ. దానికి స్కూలు గేటు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"స్కూలు... దొరికింది! ఆ గోడ వెంటే వెనక్కి రండి. ట్యాంకు దాటాక ఐసు ఫ్యాక్టరీ కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది తల్లీ!"

"దాని పక్క దారిలో నేరుగా వెళ్లండి. ఆసుపత్రి వెనక గేటు వస్తుంది. తెరిచి ఉంచమని చెప్తున్నా."

చివరి మాటకు గొంతులో వణుకు లేదు. గేటు తెరిచే ఉంది. స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి, "గండం గడిచింది" అన్నాడు.

డ్రైవరమ్మ కంట్రోల్ రూముకు పరుగెత్తింది. షిఫ్టు ఎప్పుడో మారిపోయింది. ఒక్కో మెట్టూ కొండలా అనిపించింది. నీరసంగా తలుపు తోసింది.

కొత్తమ్మాయి పక్కనే, ఒళ్లో సంచీతో పెద్దక్క!

"వెళ్లలేదా? అంతా విన్నావా అక్కా?"

"విన్నాను."

"మరి మైకు అందుకోలేదేం?"

"చెయ్యి మైకు వైపే లాగింది. ఈ సంచీ గట్టిగా పట్టుకుని ప్రార్థన చేస్తూ కూర్చున్నా. నేనందుకుంటే ఈ పిల్ల రేపు ఈ కుర్చీ ఎక్కేది కాదు. నువ్వు నిలబెట్టావు బంగారం."

కొత్తమ్మాయి గబగబా వచ్చి డ్రైవరమ్మ చేతులు పట్టుకుంది. "మీరు తిట్టుంటే పారిపోయేదాన్నక్కా. థాంక్స్."

"ఆ మాటలు నావి కావే పిల్లా, ఈవిడవి." డ్రైవరమ్మ పెద్దక్క వైపు తిరిగింది. "అక్కా, ఆ రోజు నువ్వు లేకపోతే నేను మళ్లీ స్టీరింగు పట్టేదాన్నే కాదు. థాంక్స్."

'అంతా దేవుని దయ' అని ఆమె తప్పించుకుంటుందనుకుంది. పెద్దక్క తప్పించుకోలేదు.

"అమ్మయ్య, వచ్చావు! యేసయ్య పదిమంది కుష్ఠురోగుల్ని బాగుచేస్తే, కృతజ్ఞత చెప్పడానికి ఒక్కడే వెనక్కొచ్చి కాళ్ల మీద పడ్డాడు. తక్కినవాళ్లేరని ఆయనే అడిగాడు. నేనెంత? ఇన్నేళ్లూ ఎవరైనా ఒక్కరు ఈ మెట్లెక్కి రాకపోతారా అని ఆ తలుపు వంకే చూశాను."

ముగ్గురూ నవ్వారు. ముగ్గురి కళ్లూ తడిగానే ఉన్నాయి.

"నీ రైలు?"

"అది పోతే ఇంకోటుందిలే. కూర్చుని తీరిగ్గా చెప్పు. రెండు ముక్కల్లో తేల్చేశావంటే ఊరుకోను."

డ్రైవరమ్మ స్టూలు లాక్కుంది. "ఒకసారి వానలో బ్రేకులు పట్టలేదు. నీకు చెబితే కంగారు పడతావని..."

"ఓసి నీ దుంప తెగ! నాకు తెలీదే!" అంటూ పెద్దక్క సంచీ తీసి బల్ల కింద పెట్టింది.