సీలు విప్పని బంగారు బండి

రెండువేల పద్నాలుగు, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న రోజులు.

ఆసుపత్రి కింది అంతస్తులో ఎక్స్‌రేలు తీసే ఆయన పొద్దంతా రెండే మాటలు మాట్లాడేవాడు. "ఊపిరి బిగపట్టండి" అన్నది ఒకటి, "వదలండి" అన్నది ఇంకొకటి. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, గడ్డం గీసుకునే కుంచె పట్టుకుని అద్దాల బీరువా ముందు స్టూలు వేసుకునేవాడు. కుంచె గడ్డానికి కాదు, బీరువాలోని మోటారుసైకిలు బొమ్మల దుమ్ము దులపడానికి. గడ్డానికి వేరే కుంచె ఉండేది, వెంట్రుకలు సగం ఊడిపోయినది.

ఆయన వెనక, కిటికీ పక్కన, భార్య మిషను కుట్టేది. చుట్టుపక్కల మూడు బడుల పిల్లల చొక్కాలూ లాగులూ ఆమె చేతిమీదుగానే వెళ్ళేవి.

"ఆ కుంచెతో నా మిషను కూడా ఒకసారి దులపొచ్చు కదా" అనేది ఆమె.

"నూనె అంటుకుంటుంది. కుంచె పాడవుతుంది."

"అవును మరి. కుంచె పాడైతే కాపురం ఏమవుతుందో" అని ఆమె దారం కొరికేది.

ఆ బొమ్మలు మామూలువి కావు. ఆయన చిన్నప్పుడు టీవీలో వచ్చిన పాత జపాను కార్టూనులోని బళ్ళవి. అందులో ఐదుగురు కుర్రాళ్ళు, ఐదు బళ్ళు. ఆపద ముంచుకొస్తే బండి ముక్కలుగా విడిపోయి, నడిపేవాడి ఒంటికి కవచంలా అతుక్కునేది. బొమ్మలూ అంతే. పెట్రోలు ట్యాంకు ఎత్తితే ఛాతీ కవచం, ముందు చక్రం తిప్పి ఊడదీస్తే డాలు, పొగగొట్టాలు రెండూ భుజాలమీదికి. అరచేతిలో పట్టే బండి పావుగంటలో మనిషవుతుంది. చిన్నప్పుడు ఆయనకు ఒక్కటీ కొనిపెట్టినవాళ్ళు లేరు. ఉద్యోగం వచ్చాక వరసపెట్టి తనే కొనుక్కున్నాడు.

ఈ బళ్ళలో ఇంకో సంగతి ఉంది. ఎవరూ అలా మనిషిగా తిప్పని బండిని మొదటిసారి తిప్పితే, దాని దగ్గర బిగుసుకుపోయినది ఏదున్నా వదులవుతుంది. మొదటిసారి మాత్రమే. ఆ తర్వాత అది ఉత్త బొమ్మ. ఆ వీధిలో ఇది అందరికీ తెలుసు. వాన పడితే నేల తడుస్తుందన్నంత మామూలుగా తెలుసు. ఇంటి ఓనరమ్మ వీధి తలుపు ఉబ్బి రాకపోతే, "ఏమయ్యా, వడ్రంగిని పిలవనా, నువ్వు బండి తిప్పుతావా?" అని కేకేసేది. ఒకసారి గ్యాసు సిలిండరు తెచ్చిన మనిషి సిలిండరుతో సహా లిఫ్టులో ఇరుక్కుపోతే, ఆయన నీలం బండి పట్టుకెళ్ళి మెట్లమీద కూర్చుని తిప్పాడు. లిఫ్టు దిగింది. ఆ మనిషి బయటికొచ్చి, "ఇంకొంచెం ముందు తిప్పొద్దా, అవతల వాళ్ళు పొయ్యి దగ్గర తిడుతుంటారు" అని విసుక్కుని వెళ్ళిపోయాడు.

బండి ఎంత పాతదైతే దాని సత్తువ అంత. దుకాణంలో నిన్న దిగిన బండి తిప్పితే సీసా మూత వస్తుంది. పాతికేళ్ళ నాటి ఎర్రబండి తిప్పినప్పుడు, ఆవలించి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయిన ఆయన తల్లికి దవడ పట్టు వదిలి నోరు మూతపడింది. పట్టు వదిలిన వెంటనే ఆవిడ కోడలి చేతి టీ బాగోలేదంది.

అలా నాలుగు బళ్ళూ ఖర్చయిపోయాయి. ఐదోది మాత్రం పెట్టెలోనే ఉంది. ఐదుగురిలో పెద్దవాడి బండి, బంగారు రంగుది. మూతపడ్డ బొమ్మల కొట్టు అటకమీద దొరికింది. పెట్టెకి ఫ్యాక్టరీ వేసిన సీలు వేసినట్టే ఉంది. ఆయన దాన్ని బీరువా పైఅరలో, ఎండ తగలకుండా, ఉన్నిగుడ్డ చుట్టి పెట్టాడు. ఏడాదికోసారి భోజనాల వేళ ఆసుపత్రికి సంచిలో తీసుకెళ్ళి, పెట్టె విప్పకుండానే ఎక్స్‌రే తీసేవాడు. ఫిల్ములో ఇరుసులు, స్ప్రింగులు, మరలు అన్నీ తెల్లగా, ఎక్కడివక్కడ కనిపించేవి. ఆ ఫిల్మును వంటింటి కిటికీకి అతికించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

"చూడండి. ఒక్క మర కూడా కదల్లేదు. లోపల నిక్షేపంగా ఉంది."

ఇలాంటి బొమ్మలు కూడబెట్టే స్నేహితుడొకడు ఆదివారాలు వచ్చేవాడు. అతన్ని అందరూ సీలుగారు అనేవాళ్ళు. కొన్నది ఏదీ విప్పడు. ఇంట్లో సోఫా కొని ఆరేళ్ళయినా ప్లాస్టిక్కు కవరు తీయనివ్వలేదని అతని భార్య పుట్టింటికి పోయి వచ్చింది. అతనొక్కడే ఆ ఫిల్ము ముందు నిలబడి చేతులు కట్టుకునేవాడు.

"నువ్వు అదృష్టవంతుడివి గురూ. దాన్ని మాత్రం విప్పకు."

"నేనా? నా ప్రాణం పోయినా విప్పను" అనేవాడు ఈయన.

ఆ ఏడు ఎండలు ముదిరే రోజుల్లోనే భార్య కుడిచెయ్యి బిగుసుకుంది. పొద్దున్న బడి చొక్కాలకు కాలర్లు కత్తిరిస్తుంటే కత్తెర మీద వేళ్ళు ముడుచుకున్నాయి. ఇక తెరుచుకోలేదు. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ సందుచేసి కత్తెర లాక్కోవాల్సి వచ్చింది. లాక్కున్నాక వేళ్ళు మళ్ళీ గుప్పిటయిపోయాయి.

నరాల డాక్టరు సూదులు గుచ్చి చూశాడు, సుత్తితో తట్టి చూశాడు, మందులు రాశాడు. రాస్తూ రాస్తూ, షుగరు ఉందా అని అడిగినట్టే అడిగాడు.

"ఇంట్లో తిప్పని బండి ఏమైనా ఉందా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. భార్య ఆయన వైపు చూసింది.

"లేదండీ" అన్నాడు ఆయన.

 తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, వేరేవాళ్ళ బిడ్డను ఒళ్ళో పెట్టుకున్నట్టు పెట్టుకుంది. ఇంట్లో చెప్పులు విప్పాక అడిగింది.

"లేదన్నారేం?"

"లేదని కాదు. ఇప్పుడే కాదని. పాతబడేకొద్దీ దానికి బలం పెరుగుతుంది కదా. చెయ్యంటే చిన్న సంగతా? ఇప్పుడు తొందరపడి తిప్పితే సగమే నయమైందనుకో, మళ్ళీ ఇంకో బండి ఎక్కడ తెస్తాం? ఇంకొక్క ఏడాది ఆగుదాం. మందులు ఎలాగూ వాడుతున్నావు."

"నా చెయ్యి కూడా పాతబడుతోంది" అంది ఆమె.

ఆయన మాటలో న్యాయం ఉన్నట్టే ఉంది. ఆయనకూ అలాగే అనిపించింది. అలా అనిపించినందుకు లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని మాత్రం ఆయన ఏ ఫిల్ములోనూ చూసుకోలేదు.

ఆమె ఎడమచేత్తో కుట్టడం నేర్చుకోబోయింది. చొక్కాల చేతులు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు వచ్చాయి. జేబులు వంకరపోయాయి. మొదటి బడివాళ్ళు జాలిపడి తీసుకున్నారు. రెండోవాళ్ళు మర్యాదగా మానేశారు. మూడోవాళ్ళు బట్ట కూడా వెనక్కి పట్టుకుపోయారు. వానలు మొదలయ్యేసరికి మిషను మీద దుప్పటి కప్పారు.

ఆమె తమ్ముడు నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. వచ్చినప్పుడల్లా బీరువా పైఅర వైపు చూసి, అక్క గుప్పిట వైపు చూసి, పళ్ళు కొరుక్కునేవాడు. ఒకరోజు టీ గ్లాసు దించి అనేశాడు.

"బావా, ఊళ్ళో అందరి ఎముకలూ ఫిల్ము తీస్తావు కదా, ఒకసారి నీవి కూడా తీసి చూసుకో. అసలు ఉన్నాయో లేవో తెలుస్తుంది."

"నీకు తెలియదురా. అది ఊరికే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, లోపల బలం ఊరుతోంది."

"ఏం ఊరుతోంది, ఆవకాయా? మా అక్క పళ్ళెంలో ముద్ద ఎడమచేత్తో తింటోంది బావా. కలుపుకోడానికి రాక చెంచా పెట్టుకుంటోంది. నువ్వు ఎదురుగా కూర్చునే తింటున్నావు."

"ఊరుకోరా" అంది అక్క. "ఆయన బండి, ఆయనిష్టం."

తిట్టి ఉంటే ఆయన ఎదురు తిట్టేవాడు. ఏడ్చి ఉంటే ఓదార్చేవాడు. ఆమె ఆ రెండూ చేయలేదు. ఆ రోజు నుంచి ఆయన దుమ్ము దులుపుతుంటే ఆమె అటు చూడడం మానేసింది. అంతే.

ఏడాది గడిచింది. ఆయన పెట్టెకు మళ్ళీ ఫిల్ము తీసి కిటికీకి అతికించాడు. మరలన్నీ ఎక్కడివక్కడే. "ఇంకో ఆరు నెలలు" అన్నాడు. 

ఆ ఆరు నెలలూ కూడా దాటాక ఒక సాయంత్రం ఆయన పని నుంచి వచ్చేసరికి మిషను మీద దుప్పటి లేదు. ఆమె ఎడమచేత్తో దానికి నూనె వేసి, గుడ్డతో తుడుస్తోంది. పెడల్, చక్రం, సూది బిగించే పిడి, అన్నీ తళతళలాడుతున్నాయి. ఆయన ముఖం వికసించింది.

"చెయ్యి వస్తోందా?"

"లేదు. రేపు పొద్దున మిషను తీసుకెళ్ళడానికి వస్తున్నారు. పక్కవీధిలో కొత్తగా పని నేర్చుకున్న అమ్మాయి. పోయేది శుభ్రంగా పోనీ అని."

 ఆయన చూపు ఆ పిడి మీద పడింది. దాని నల్లరంగు ఒకచోట అరిగి ఇనుము తేలి ఉంది, సరిగ్గా ఆమె బొటనవేలంత మేర. ఎన్నేళ్ళుగా తన వీపు వెనకే అది అరుగుతూ ఉందో. ఆయన స్టూలు బీరువా దగ్గరికి లాగాడు. ఎక్కాడు. ఉన్నిగుడ్డ విప్పాడు.

"ఇప్పుడెందుకండీ" అంది ఆమె. ఆ గొంతులో ఆశ లేదు. అది ఆయనకు బాగా వినిపించింది.

గోటితో సీలు చీల్చాడు. పెట్టెలోంచి చిన్నప్పటి ఆదివారం వాసన వచ్చింది, కొత్త రబ్బరు, అచ్చుసిరా కలిసిన వాసన. బండి ధగధగా మెరుస్తోంది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఎవరికోసం చెమర్చాయో ఆయనే చెప్పలేడు. మిషను బల్లమీద ఆమె గుప్పిట పెట్టించి, పక్కన బండి నిలబెట్టాడు.

"ఊపిరి బిగపట్టు" అన్నాడు, అలవాటుకొద్దీ.

హాండిలు తిప్పాడు. టక్కుమని తిరిగింది. ఆమె చిటికెనవేలు లేచి, తెల్లవారి పువ్వులా విచ్చుకుంది.

పొగగొట్టాలు భుజాలమీదికి ఎత్తాడు. ఉంగరంవేలు విచ్చుకుంది. ఆమె నోరు తెరిచింది. రెండు వేళ్ళూ ఆడించి చూసుకుంది. అప్పుడు, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి, ఆమె ముఖంలోకి ఆశ వచ్చింది.

"వస్తోందండీ! తిప్పండి, తిప్పండి!"

ట్యాంకు ఎత్తాడు. చిన్న చప్పుడైంది, బిస్కెట్టు విరిచినట్టు. ట్యాంకు ఆయన వేళ్ళమధ్యనే రెండు ముక్కలైంది. రెండో చేత్తో చక్రం పట్టుకున్నాడు. దాన్ని పట్టుకున్న చట్రం కూడా పొడిపొడిగా రాలింది. బంగారు రంగు పొడి బల్లమీద, ఆమె గుప్పిట మీద పడింది. ఇరుసు ఒకటి, మరలు కొన్ని, స్ప్రింగు ఒకటి దొర్లుకుంటూ కిందికి పోయాయి. అవి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ముక్కలు కలిపి పట్టి తిప్పాడు. తిరగలేదు. మళ్ళీ పట్టాడు. చేతిలో ఉన్నది ఇంకా చిన్న ముక్కలైంది.

"ఊపిరి వదలండి" అంది ఆమె చివరికి. బిగపట్టుకున్నది ఆయనే.

పొద్దున్నే సీలుగారికి కబురు పంపాడు. అతను జిగురు సీసా పట్టుకుని వచ్చి, పొడిని వేలితో తాకి చూసి, సీసా జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇది అతకదు గురూ. బంగారు రంగు కలిపిన ప్లాస్టిక్కు అంతే. ఎండ తగలకపోయినా, పెట్టెలో ఉన్నా, దానంతటది చచ్చిపోతుంది. మొన్న మొన్నటిదాకా బాగానే ఉండి ఉంటుంది. ఏడాది కిందట తిప్పినా పూర్తిగా తిరిగేదేమో."

"నీకు తెలుసా ఇది?"

"బొమ్మలు కూడబెట్టే మనవాళ్ళలో తెలియనిదెవరికి?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

సీలుగారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు విప్పనన్నావు కదా. విప్పనివాడికి చెప్పి ఏం లాభం?"

ఆయన వంటింట్లోకి వెళ్ళి కిటికీ మీది ఫిల్ము ముందు నిలబడ్డాడు. ఇరుసులు, మరలు, స్ప్రింగులు తెల్లగా ఉన్నాయి. వాటి చుట్టూ, ప్లాస్టిక్కు ఉండాల్సిన చోటంతా నల్లగా ఉంది. రోజూ అదే పని చేసే మనిషి. ఇనుము కనబడితే బండి కనబడిందనుకున్నాడు.

హాల్లో మిషను ఎత్తుతున్న చప్పుడైంది. పక్కవీధి అమ్మాయి, వాళ్ళన్న చెరోపక్కా పట్టుకున్నారు. "దారం కాస్త వదులుగా వెయ్యమ్మా, బిగిస్తే తెంపుతుంది" అని భార్య ఆ అమ్మాయికి చెబుతోంది. గుమ్మందాకా వెళ్ళి, మిషను మీద విచ్చుకున్న రెండు వేళ్ళూ ఆనించి, తీసేసింది.

మందులు ఇంకో రెండేళ్ళు వాడారు. చిటికెనవేలు, ఉంగరంవేలు బాగా పనిచేశాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తెరుచుకోలేదు. సూది పట్టేవి ఆ మూడే.