వార్డులో బోణీ

నా చెయ్యి మంచిదని చిక్కపేట బజారులో ఒక మాట ఉంది. ఎవరు పుట్టించారో తెలియదు. నేను తోపుడుబండి మీద బట్టల మూటలు చేరవేస్తుంటాను. పొద్దున్నే అంగడి తీసినవాళ్ళు నన్ను పిలిచి, "రాయప్పా, ఏదో ఒకటి కొనప్పా, బోణీ చెయ్యి" అంటారు. కొంటాను. మాట్లాడటం కంటే కొనడం సులువు. అందుకే మా ఇంట్లో మేకులు, రవిక హుక్కులు, లంగా బొందులు డబ్బాల నిండా ఉన్నాయి.

పోయిన ఏడాది నుంచి ఒంటికి పోవడం కష్టమైంది. నిలబడతాను. రాదు. ఒకరోజు మొత్తానికే ఆగిపోయింది. పొట్ట కుండలా ఉబ్బింది. ఆసుపత్రిలో గొట్టం వేసి తీశారు. తర్వాత స్కానింగ్ చేశారు.

"ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి మూసేసింది. పైన కొయ్యం. దారిలోంచే సన్నటి పరికరం పంపి, అడ్డంగా ఉన్నదాన్ని గీకేస్తాం" అంది డాక్టరు కిరణ్మయి.

సరే అన్నాను. నా భార్య సావిత్రమ్మ నా బదులు చాలా ప్రశ్నలు అడిగింది.

ఆపరేషన్ అయింది. మూడో రోజు పొద్దున గొట్టం తీశారు.

"సాయంత్రం నేను వచ్చేలోగా మీ అంతట మీరు పోయాలి. లేకపోతే మళ్ళీ గొట్టం వేసి, సంచీతోనే ఇంటికి పంపిస్తాను" అంది డాక్టరమ్మ.

కాలికి మూత్రం సంచీ కట్టుకుని బండి ఎలా తొయ్యాలి? నా భయమంతా అదే.

ఆ పొద్దున్నే ఇంకో ముగ్గురికి కూడా గొట్టాలు తీశారు. పక్క మంచం చిక్కమునియప్పది. చిక్కపేటలో మేకుల అంగడి. ఆ పక్కన ఆదినారాయణప్ప, లంగా బట్టల వ్యాపారి. ఇద్దరికీ నా జబ్బే. కిటికీ దగ్గర లలిత్ అనే కుర్రవాడు. వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. కిడ్నీలో రాయి తీయించుకున్నాడు. చెవుల్లో ఏవో పెట్టుకుని, ఒళ్ళో లాప్‌టాప్‌తో మీటింగులో ఉన్నాడు.

సిస్టరు మాకు తలా ఒక కొలత జగ్గు ఇచ్చి, అందులోనే పోయమంది.

చిక్కమునియప్ప మంచం దిగి, ఆగిపోయాడు.

"రాయప్పా, నువ్వు ముందు."

"ఎందుకు?"

"ఎందుకంటావేమప్పా! నీ చేత్తో బోణీ అయితే మా అందరికీ ధారాళంగా ఉంటాది. నాకు వచ్చేట్టే ఉండాది. ఆపుకోని ఉండా."

"నేనూ అంతే," అన్నాడు ఆదినారాయణప్ప, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని. "బేగ కానీ అప్పా."

జగ్గు తీసుకుని పరదా వెనక్కి వెళ్ళాను. బయట వార్డంతా నిశ్శబ్దమైంది. అంతమంది చెవులు నా మీదే ఉన్నాయి.

"అయిందా?"

"ఊహూఁ."

"తూర్పుకు తిరుగప్పా."

తిరిగాను. రాలేదు. సావిత్రమ్మ లోపలికి వచ్చి నా జగ్గుకు కుంకుమ బొట్టు పెట్టి వెళ్ళింది. అప్పుడూ రాలేదు. పక్క వార్డు నుంచి కూడా ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి నిలబడ్డారు. వాళ్ళూ ఆపుకునే వచ్చారట.

సిస్టరు భయపడి డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ చిక్కమునియప్ప పొట్ట నొక్కి చూసింది. అతను గట్టిగా అరిచాడు.

"ఇంత నిండిపోయి ఉంటే ఎందుకు ఆపుకుంటున్నారు?"

"బోణీ కాలేదు డాక్టరమ్మా."

"బోణీయా?"

"ముందు రాయప్ప పోయాల. మీరు చదువుకున్నోరు, ఇవన్నీ మీకు తెలియవు."

డాక్టరమ్మ పరదా తొలగించి నన్ను చూసింది. "పెద్దాయనా, మీరైనా చెప్పండి వాళ్ళకి."

జగ్గు చూపించాను. ఖాళీది.

"ఇంకో గంట చూస్తాను. తర్వాత అందరికీ మళ్ళీ గొట్టాలే," అని వెళ్ళిపోయింది.

"విన్నావా రాయప్పా? మమ్మల్ని ముంచొద్దప్పా!" అని ఆదినారాయణప్ప మంచం మీద మెలికలు తిరిగాడు.

అంత బరువు నేను బండి మీద కూడా ఎన్నడూ మొయ్యలేదు. ఉన్న కాస్త కదలికా పోయింది.

అప్పుడు బాత్రూమ్ తలుపు తెరుచుకుంది. లలిత్ చెవిలోవి తీస్తూ బయటికి వచ్చాడు. చేతిలో నిండు జగ్గు.

"సిస్టర్, అయిపోయింది. ఇది ఎక్కడ పెట్టాలి?"

వార్డంతా ఒక్కసారి లేచి నిలబడింది.

"ఎంత పని చేసినావప్పా!"

"సారీ అంకుల్. లైన్ ఉందా? ఎవరూ చెప్పలేదే!"

"అది బోణీ కిందికి వస్తాదా, రాదా?" అని ఆదినారాయణప్ప అడిగాడు.

"జగ్గు నిండింది కదా, వస్తాది!" అని చిక్కమునియప్ప అన్నాడు. బోణీ డబ్బు అద్దుకునే అలవాటు కొద్దీ రెండు చేతులూ కళ్ళకు అద్దుకుని బాత్రూముకు పరుగెత్తాడు. వెనకాలే ఆదినారాయణప్ప. ఆ వెనక పక్క వార్డు ముసలివాళ్ళు. సావిత్రమ్మ కూడా తమాషా చూడటానికి వాళ్ళ వైపే తిరిగింది.

పరదా వెనక నేనొక్కణ్ణే మిగిలాను. నా కోసం ఎవరూ కాచుకుని లేరు.

వచ్చింది. మొదట మంటగా, తర్వాత సాఫీగా. చాలాసేపు వచ్చింది.

సాయంత్రం డాక్టరమ్మ కొలతలు చూసి గొట్టం అక్కర్లేదంది. నేను వింటూ కూర్చున్నాను. అవతల ఇద్దరు వ్యాపారులూ లలిత్ మంచం ఎక్కి కూర్చున్నారు.

"నీ చెయ్యి బంగారమప్పా. వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో ఉండాది. పొద్దున్నే వచ్చి ఒక మేకు కొని పోతే చాలు."

"అంకుల్, నాకు మార్నింగ్ మీటింగ్స్ ఉంటాయి..."

"సుమ్నే రాప్పా, ఊరికే వచ్చి పో!"

కుర్రవాడు సహాయం కోసం నా వైపు చూశాడు. నేను లేచి మళ్ళీ ఒంటికి వెళ్ళి వచ్చాను. అయిందా అని ఎవరూ అడగలేదు.