కంప్యూటర్ గది తాళంచెవి

పెంచలకృష్ణకు కడుపు మండిపోతోంది. మండదా మరి! అల్లూరులో రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ఆ ల్యాబులో, తొమ్మిదేళ్లుగా కంప్యూటర్ గది తాళంచెవి అతని బెల్టుకే వేలాడుతోంది. ఉన్నది ఒక్కటే చెవి. రెండోది చేయిద్దామని యజమాని పద్మనాభయ్య ఎన్నిసార్లు అన్నా, "నేనుండాను గదా సార్" అని దాటేసేవాడు. అలాంటి చెవిని సోమవారం నుంచి ఏంజెలిన్‌కు ఇచ్చెయ్యమన్నాడాయన. నిన్నగాక మొన్న చేరిన పిల్లకు! అదీ శనివారం సాయంత్రం, నీళ్ల సీసాలు పట్టుకొచ్చిన రైతులందరి ముందూ.

ఆ పిల్ల చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే ఫైళ్లు పంపడం. గుంటల రిపోర్టులు, రొయ్యల ఫోటోలు రోజూ ఎగుమతి కంపెనీ సర్వర్‌కు చేరాలి. పెంచలకృష్ణ మౌసుతో ఒక్కొక్కటీ లాగి పడేసేవాడు. సగంలో సిగ్నల్ పోతే మళ్లీ మొదటికే. ముప్పావు గంట పట్టేది. ఏంజెలిన్ తన ల్యాప్‌టాప్‌లో నల్ల స్క్రీను తెరిచి, ఒక్క లైను కొట్టి, టీకి పోయింది. వచ్చేసరికి అన్నీ చేరిపోయాయి. సిగ్నల్ పోయినా, ఆగిన చోటి నుంచే అందుకుంటుందట ఆ ప్రోగ్రాం.

"బంగారం లాంటి చెయ్యమ్మా నీది," అన్నాడు ముత్యాలయ్య అనే రైతు.

"ఒక్క లైను కొట్టేదానికి చెయ్యెందుకు, ఏలు చాలదా," అని గొణుక్కున్నాడు పెంచలకృష్ణ. ఆమె సుఖంగా టీ తాగుతుంటే కూడా ఓర్వలేకపోయాడు. అతని కళ్లలో ఎవరో నిప్పులు పోసినట్టే ఉంది.

ఆదివారం ఏంజెలిన్ జువ్వలదిన్నెలో చర్చికి పోతుంది. ల్యాబుకు సెలవు. ఇదే అదను అనుకుని పెంచలకృష్ణ ఒక్కడే వచ్చి గది తాళం తీశాడు. ఆమె భుజం మీదుగా దొంగచూపులు చూసి ప్రోగ్రాం పేరు గుర్తుపెట్టుకున్నాడు లెండి. నెట్‌లో వెతికి, దించుకుని, ల్యాబు కంప్యూటర్లో పెట్టి, నల్ల స్క్రీనులో ఆ పేరు కొట్టాడు. అలాంటిదేదీ లేదు పొమ్మంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట. "నీ యవ్వ, ఆ పిల్లకైతే పలకతావే!" అని దాన్ని కూడా తిట్టాడు. రెండు గంటలు తల బాదుకున్నాక తెలిసింది, ప్రోగ్రాం ఏ ఫోల్డర్లో కూర్చుందో ముందు కంప్యూటర్‌కు చెప్పాలట. చెప్పాడు. సర్వర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, శనివారం వచ్చిన సీసాల రిపోర్టులు పంపమని లైను కొట్టాడు. నాలుగంటే నాలుగు నిమిషాలు! గదిలో ఒక్కడే చప్పట్లు కొట్టుకున్నాడు. రేపు సార్‌కు చూపిస్తే చెవి మాటే ఎత్తడు.

సోమవారం అతను నోరు తెరిచేలోపే ఫోను మోగింది. పద్మనాభయ్య స్పీకర్లో పెట్టాడు. అవతల కంపెనీ గుమస్తా అబ్రహాము.

"పోయిన పంట రిపోర్టులు యాడబోయినాయి సార్? వాటి మీదనే కొత్తవి పడిపోయిండాయి."

పెంచలకృష్ణకు అప్పుడు వెలిగింది. ఆ ల్యాబులో ఒక పద్ధతుంది. కొత్త పంట మొదలైతే ఫైళ్ల అంకెలన్నీ మళ్లీ ఒకటి నుంచే. పాత పంట అంకె కొత్త పంటకు తగిలితే తెగులు కూడా తగులుతుందని రైతుల పట్టు. మౌసుతో లాగినప్పుడు, ఈ పేరుతో ఫైలుంది, దాని మీద పెట్టెయ్యనా అని కంప్యూటర్ అడిగేది. వద్దని చెప్పి, అతను పంటకో కొత్త ఫోల్డర్ చేసేవాడు. ఏంజెలిన్ ఇన్నాళ్లూ పంపినవి పాత పంటవే, కొత్త పంట మొదలైంది శనివారం సీసాలతోనే. నల్ల స్క్రీను అడగలేదు. చెప్పిన పని చేసేసింది.

"ఎవురు చేసినారీ పని?" అని అరిచాడు పద్మనాభయ్య.

"ఆ నల్ల స్క్రీను ఎవారం నాకేం తెలుసు సార్. ఏంజెలిన్‌నే అడగండి," అనేశాడు పెంచలకృష్ణ. పాపం, ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అది చూసి అతనికి ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. ఛీ, ఏం మనిషి!

ఏంజెలిన్ ఫోను దగ్గరికి వంగింది. "అన్నా, అవి ఎప్పుడు, ఏ కంప్యూటర్ నుంచి వచ్చినాయో ఆడ రాసుంటది. కొంచెం చూసి చెప్తారా?"

"నిన్న పదకొండుంబావుకు. మీ ల్యాబు కంప్యూటర్ నుంచే."

పద్మనాభయ్య ఫోను పెట్టేశాడు. "ఆదివారం ఈ గది ఎవురు తీసినారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారట. ఇతగాడి చెయ్యి బెల్టు మీదికి పోయింది. ఉన్నది ఒక్క చెవి. రెండోది చేయించనివ్వనిది తనే. ఇంకెవరి మీదికి నెడతాడు?

పెంచలకృష్ణే చెవి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. ఏంజెలిన్ దాంతో గది తెరిచింది. పాత పంట ఫైళ్ల కాపీలు ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. వాటిని మళ్లీ పంపడానికి కూర్చుంటూ వెనక్కి తిరిగింది.

"అన్నా, కొత్త పంటకు ఫోల్డర్ ఎట్టా చేస్తావో చెప్పు. అది కూడా లైనులోనే రాసేస్తా."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. పెంచలకృష్ణ గుమ్మం దగ్గరే నిలబడి అంతా చెప్పాడు. ఆమె రాసుకుంది. ఇక ఆ గదిలో అతన్ని అడగాల్సింది ఏమీ మిగల్లేదు.