దేవసహాయం మాస్టారి మొదటి పాఠం

వకీళ్లు భుజాన వేసుకునే నల్ల గౌనును నేను. విశాఖపట్నం వన్‌టౌన్‌లో మస్తాన్ సాహెబు మిషను మీద పుట్టాను. నన్ను కుట్టించుకున్న కుర్ర వకీలు కొండ్రు దేవసహాయం అద్దం ముందు అరగంట నిలబడ్డాడు. నల్లగుడ్డ కప్పుకోగానే తెలివి వచ్చేస్తుందని మనుషులకు ఒక నమ్మకం. రాలేదని మొదట తెలిసేది మాకే.

మూడో ఏట ఆయన దగ్గరికి సన్యాసి కేసు వచ్చింది. అన్నను బావిలోకి తోసి చంపాడని అభియోగం. తన ఇంటి అరుగు మీద నుంచి కళ్లారా చూశానని పొరుగింటామె సాక్ష్యం చెప్పింది. దేవసహాయం ఆమెను గంటసేపు ప్రశ్నించాడు. చూపు గురించి అడిగాడు, పాత తగాదాల గురించి అడిగాడు. సన్యాసి ఊరు మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. సన్యాసికి యావజ్జీవం పడింది.

వారం తర్వాత, సన్యాసి తల్లిని ఓదార్చాలని కోర్టు నుంచి నేరుగా ఆ ఊరు వెళ్లాడు. నేను ఆయన చేతి మీదే ఉన్నాను. పొరుగింటి అరుగు మీద నిలబడి బావి కోసం చూశాడు. మనిషెత్తు గోడ అడ్డం. పాచిపట్టిన పాత గోడ.

"ఇది ఎప్పటిది?"

"మా మాఁవ కట్టించినాడు బాబూ, నాను కాపరానికి రాకముందే" అంది సన్యాసి తల్లి లచ్చమ్మ.

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నన్నెవులడిగినారు?"

అప్పీలు వేశాడు. అది విచారణకు రాకముందే సన్యాసి జైల్లో ప్రాణం తీసుకున్నాడు.

దేవసహాయం గారు మళ్లీ నన్ను తొడుక్కోలేదు. లా కాలేజీలో సాక్ష్య చట్టం చెప్పే మాస్టారయ్యారు. ఏటా మొదటి క్లాసులో నన్ను బల్ల మీద పరిచి, ఈ కథంతా దాచకుండా చెప్పేవారు. "తప్పు సాక్షిది కాదు, నాది" అని ముగించేవారు. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవారు. ఇది పరీక్షలో వస్తుందా అని ఎవరో ఒకరు అడిగేవారు.

పంతొమ్మిదో ఏడు, వెనక బల్లలోంచి జాలారిపేట పిల్ల మైలపల్లి నూకరత్నం లేచింది. "ఆ తల్లి ఏటయిపోనాది సార్?"

మాస్టారు నన్ను బల్ల మీంచి తీసి మడిచారు. "తెలీదమ్మా. నేను మళ్లీ వెళ్లలేదు. మొహం చెల్లలేదు."

"ఎల్దాం సార్. నానూ వొత్తాను."

ఆదివారం ఇద్దరూ బస్సెక్కారు. మాస్టారి సంచిలో నేను. లచ్చమ్మ బతికే ఉంది. కళ్లకు మసకలు కమ్మాయి. మాస్టారు ఆమె కాళ్ల దగ్గర కూలబడి, "నేనమ్మా, దేవసహాయాన్ని" అన్నారు. లచ్చమ్మ ఏడవలేదు, తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. నన్ను చేత్తో తడిమి, "ఈ గుడ్డ ఇంకా ఉంచినావా బాబూ" అంది. తర్వాత నూకరత్నం వైపు తిరిగింది.

"నువ్వూ ఇదే తొడుగుతావేటి? అయితే ముందు నేరం పడినోడి ఇంటికెల్లి ఆల అమ్మనడుగు. కోరుటుకి తరవాతెల్లు."

నూకరత్నం వకీలుగా పేరు నమోదు చేయించుకున్న రోజు మాస్టారు నన్ను ఆమె చేతికిచ్చారు. చెప్పవలసింది లచ్చమ్మే చెప్పేసింది.

ఆ తర్వాత నేను కోర్టు హాళ్లలో కన్నా మట్టిరోడ్ల మీదే ఎక్కువ తిరిగాను. లారీ క్లీనరు అప్పలకొండ కేసు వచ్చింది. గోడౌను కాపలాదారును చంపాడని అతని మీద నేరం మోపారు. బెయిలు రాలేదు. వీధి దీపం వెలుతురులో అతన్ని గుర్తుపట్టానని ఒకాయన సాక్ష్యం. విచారణ నడుస్తుండగానే మాస్టారు ఆసుపత్రి పాలయ్యారు. నూకరత్నం చూడబోతే, "వెళ్లావా?" అని మాత్రం అడిగారు.

"మూడుసార్లు సార్."

ఆయన ఆమె చేయి తట్టారు. నాలుగో రోజు పోయారు.

గోడౌను దగ్గరికి మూడోసారి వెళ్లినప్పుడే ఆ దీపస్తంభం మీది నంబరు ఆమె కంటబడింది. ఆ నంబరు పట్టుకుని కరెంటాఫీసు చుట్టూ తిరిగి కాగితం సంపాదించింది. స్తంభం పాతింది హత్య జరిగిన నాలుగు నెలలకు.

"ఏ దీపం వెలుతురులో చూశారు?" అని బోనులోని సాక్షిని అడిగింది.

"ఆ స్తంభం దీపమేనండి."

ఆమె కాగితం జడ్జి గారికి అందించింది.

అరెస్టు నాటి నుంచి అప్పలకొండ నిర్దోషి అని తేలడానికి ఆరేళ్లు పట్టింది. ఈలోగా అతని తల్లి పోయింది. భార్య పిల్లను తీసుకుని ఎటో వెళ్లిపోయింది. జైలు గేటు బయట ఎండలో నిలబడి అతను, "ఇప్పుడెటెల్లాలి మేడమ్?" అని అడిగాడు.

"రా, ముందు మీ ఊరెల్దాం" అంది నూకరత్నం.

బస్సులో అతను కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దగ్గరపడేకొద్దీ, ఇంకా సంకెళ్లు ఉన్నట్టే చేతులు దగ్గరగా పెట్టుకున్నాడు. ఎదుటివాళ్లు చూస్తుంటే వాటిని ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు. నూకరత్నం నన్ను భుజం మీంచి తీసి, అతని చేతుల మీద కప్పింది. దిగేదాకా అలాగే ఉన్నాను.