నాలుగో అంతస్తు కిటికీ రెక్క

మధ్యాహ్నం పన్నెండున్నరకి గాలి ఒక్క విసురు విసిరింది. హాల్లో కిటికీ రెక్క భళ్ళున తెరుచుకుని, గోడకి కొట్టుకుని, మళ్ళీ మూసుకోబోయి మధ్యలో ఆగిపోయింది. అపార్టుమెంటు సెక్రటరీ తన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి పై కీలు ఊడిపోయి, రెక్క బరువంతా కింది కీలు మీద వేసుకుని బయటికి ఒరిగి ఉంది. ఛాతీ ఎత్తు అద్దం. కింద సరిగ్గా గేటు నుంచి మెట్ల దాకా నడిచే దారి.

ఆవిడ రెండు చేతులతో రెక్క అంచు పట్టుకుని భర్తని కేకేసింది. ఆయన బట్టలారేసే తాడు విప్పుకొచ్చి, ఒక కొస రెక్క పిడికి కట్టి, రెండో కొస సోఫా కాలికి బిగించి, సోఫాలో చతికిలబడ్డాడు. "ఇంక కదలదులే. నేను లేస్తే కదా" అన్నాడు. తన బరువు మీద ఆయనకి అంత నమ్మకం.

నాలుగు గంటలకి స్కూలు బస్సు వస్తుంది. దిగిన పిల్లలు దిగినట్టే ఆ దారంట పరిగెత్తుకొస్తారు. ఆగమంటే ఆగే రకాలు కారు. అప్పటిదాకా ఎవరూ అటు నడవకుండా దారి కడగమని పనిమనిషికి ఫోన్ చేసింది. ఇప్పుడెందుకమ్మా అంటే, దుమ్ముగా ఉందని చెప్పింది. కిటికీ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆవిడకి తెలుసు.

బిల్డింగు బీమా చూసే కంపెనీకి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి ఫైలు తీసి మెత్తగా చెప్పింది. కిటికీలు మీ పాలసీలో లేవండీ, రెండేళ్ళ కిందట మీరే తీయించారు, సంతకం కూడా మీదేనండీ అని.

నిజమే. రెండేళ్ళ కిందట మూడో అంతస్తులో పళ్ళ డాక్టరు కిటికీ అద్దం తుఫానుకి పగిలింది. గోడ బయటి వైపు అందరిదీ, లోపలి వైపు ఫ్లాటువాళ్ళది. మరి కిటికీ బయటా, లోపలా? దాని మీద మూడు మీటింగులు జరిగాయి. చివరికి సెక్రటరీ ఒక రాత్రంతా కూర్చుని కాగితం రాసింది. కిటికీ, దాని అద్దం, చట్రం, కీళ్ళు, గొళ్ళెం సహా ఫ్లాటు యజమానిదే, బాగు చేయించుకోవడమూ బీమా చేయించుకోవడమూ వారి పనే అని. సూది దూరే సందు కూడా లేకుండా రాశానని అప్పట్లో మురిసిపోయింది కూడా. అందరూ సంతకాలు పెట్టారు. డాక్టరు అందరికన్నా ఆఖర్న పెట్టాడు. అప్పటిదాకా అక్కయ్యగారూ అని పిలిచే మనిషి ఆ రోజు నుంచి సెక్రటరీగారూ అనడం మొదలుపెట్టాడు.

తరవాత ఎవరెవరు పాలసీ తీసుకున్నారో నోటీసు బోర్డు మీద పట్టీ వేసింది. కాగితం తెచ్చి చూపించినవాళ్ళకి టిక్కు. నలుగురికీ దారి చూపాలి కాబట్టి మొదటి టిక్కు తన ఫ్లాటుకే పెట్టింది. ఫారం అప్పటికే బల్ల మీద ఉంది, రేపు పంపిస్తే సరిపోతుంది. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

"ఇప్పుడు చేయించేయి" అన్నాడు ఆయన సోఫాలోంచి. "ఎల్లుండి ఊడిందని చెబుదాం. కిటికీకి పుట్టినరోజు చూస్తారా ఏంటి?"

ఛీ అంది గానీ, పాలసీ అమ్మేవాడికి ఫోన్ చేసింది. ప్రతి కిటికీకీ ఇవాళ తేదీతో లోపలి నుంచి ఫొటో పంపితే గంటలో అయిపోతుందన్నాడతను. ఆవిడ ఫోను పట్టుకుని హాల్లో అటు నుంచీ ఇటు నుంచీ నిలబడి చూసింది. ఎక్కడి నుంచి తీస్తే తాడు కనబడదా అని వెతుకుతోంది. వెతుకుతున్నది తనేనని తట్టి ఫోను దించేసింది. సరిగ్గా అప్పుడే తాడు కిర్రుమంది. సోఫా, దాని మీద ఆయనా, ఇద్దరూ కలిసి కిటికీ వైపు బెత్తెడు జరిగారు.

"నేను లేవలేదు" అన్నాడు ఆయన. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

రెండింటికి అద్దాల మేస్త్రి వచ్చాడు. తల బయటపెట్టి చూసి, నాలుక చప్పరించి, ఇక్కణ్ణుంచి లాగితే కింది కీలు కూడా తెగుతుందన్నాడు. కింది ఫ్లాటు బాల్కనీలో నిలబడి ఎవరైనా రెక్క అడుగుని పైకి ఎత్తి పట్టాలి, అప్పుడు తను లోపలికి తీస్తాడు. కింద ఉండేది ఎవరమ్మా అని అడిగాడు. ఆవిడ అప్పటికే మూడో అంతస్తుకి మెట్లు దిగుతోంది.

డాక్టరు భోజనం చేస్తున్నాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి గబగబా విషయమంతా చెప్పింది.

"మీకు పాలసీ ఉందిగా" అన్నాడతను ముద్ద కలుపుతూ. "కంపెనీవాళ్ళే మనుషుల్ని పంపిస్తారు. నాకు ఆ రోజు మీరు చెప్పిందదే."

ఉందనవచ్చు. ఉంది గానీ వాళ్ళు రావడానికి రెండ్రోజులు పడుతుందట అనవచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదు" అంది. "టిక్కు పెట్టాను గానీ చేయించలేదు."

అతని చెయ్యి కంచంలో ఆగింది. "నా చేత సంతకం పెట్టించిన రోజున?"

"అప్పుడూ లేదు."

అతను తిట్టినా బాగుండేది. లేచి చెయ్యి కడుక్కుని, బాల్కనీలోకి స్టూలు లాక్కుని ఎక్కాడు. పైకి చూసి, "వేరు కదిలిపోయింది. ఇది నిలిచే పన్ను కాదు, పీకేయడమే" అన్నాడు. ఆ మాట ఆవిడతో అన్నాడో, మేస్త్రితో అన్నాడో తెలియలేదు. అతను రెక్క అడుగుని ఎత్తి పడితే, ఆవిడ స్టూలు గట్టిగా పట్టుకుంది. పైనుంచి తుప్పు పొడి ఇద్దరి నెత్తి మీదా రాలింది. అద్దం ఒకసారి అటు ఊగి, ఇటు ఊగి, మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది.

పైకి వెళ్ళేసరికి మూడున్నర దాటింది. రెక్క హాల్లో దుప్పటి మీద పడుకుని ఉంది. ఆయన సోఫాలోంచి లేచి నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఇంక ఫరవాలేదనుకుంది.

మేస్త్రి ఊడిన కీలుని వేళ్ళతో నలిపితే బెల్లం గడ్డలా పొడి అయింది.

"ఇది గాలికి పోలేదమ్మా. గోడలోంచి నీళ్ళు దిగి తినేశాయి. కీలు మీదేనంటారు, గోడ అందరిదీ అంటారు. ఎవర్ననాలి?" అని, మళ్ళీ తల బయటపెట్టి, మెడ తిప్పి పైకీ కిందికీ చూశాడు. "ఈ వరసలో అన్నీ ఇంతే."

వెనకే వచ్చిన డాక్టరు కిటికీ మూల తడిమి చూశాడు. తన కిటికీ మూలన గోధుమరంగు చార ఒకటి ఉంటే, చూడ్డానికి బాగాలేదని కిందటేడు దాని మీద రంగు వేయించాడట.

గోడ గడియారంలో నాలుగవడానికి ఇంకా పది నిమిషాలు. ఆవిడ సోఫా కాలికున్న తాడు విప్పబోయింది. ముడి రాలేదు, కత్తెరతో కోసేసింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లంట దిగింది. డాక్టరు రెండు కుర్చీలు పట్టుకుని వెనకే వచ్చాడు. దారికి అటొకటి ఇటొకటి వేసి, మధ్యన తాడు కట్టారు.

గేటు దగ్గర పిల్లల తల్లులు అప్పటికే చేరారు. గొడుగు వేసుకున్నావిడ, అయిదో అంతస్తులో ఉంటుంది, దారి కడిగింది ఇంకా ఆరలేదా అని అడిగింది.

"దారి ఎప్పుడో ఆరింది. మా కిటికీ ఊడింది. మీదీ ఊడేలా ఉంది. పిల్లల్ని వెనక నుంచి తీసుకెళ్ళండి."

"మాకు పాలసీ ఉందిగా అండీ. మీరే టిక్కు పెట్టారు" అంది ఆవిడ కాస్త నొచ్చుకుంటూ.

"పాలసీ బీరువాలో ఉంటుందమ్మా. పిల్లలు ఇక్కడ దిగుతారు."

ఆ తరవాతి ప్రశ్న ఏమిటో సెక్రటరీకి తెలుసు, మరి మీ పాలసీ అని. సాయంత్రం మీటింగు పెడితే అందరూ అదే అడుగుతారు. చెప్పాలి. డాక్టరు రెండో కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బస్సు హారన్ వినిపించింది. తలుపు తెరుచుకోగానే పిల్లలు బిలబిలమంటూ దిగి, తాడు చూసి ఇదేదో ఆట అనుకుని, దాని కిందనుంచి దూరడానికి వంగారు. సెక్రటరీ రెండు చేతులూ బార్లా చాపి అడ్డం నిలబడింది. ఒక్కొక్కళ్ళనీ భుజం పట్టి పార్కింగు వైపు తిప్పుతూ, మధ్యమధ్య తల పైకెత్తి చూస్తోంది. వరసలో ఆరు కిటికీలు. ఒకటి ఖాళీ. మిగతా అయిదూ ఎండకి ఒకేలా మెరుస్తున్నాయి. వాటిలో ఏది గట్టిదో, ఏది కాదో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు.