నైట్ షిఫ్టు వారం పాఠాలు

నైట్ షిఫ్టు వారం మమత ఇంట్ల కుక్కర్ కూయదు. కుక్కర్ల పెడితే పప్పు జల్ది ఉడుకుతదని ఆమెకు తెలువదా? తెలుసు. గని కూతకు జగదీశ్వర్ లేస్తడు. అందుకే ఆ వారమంత పప్పు పొయ్యి మీది గంజుల ఉడకాలె, దాని పక్కన నిలబడి మమత ఉడకాలె. మిక్సీ తిరగదు. నల్లా కింద బిందె పెడితే ధార చప్పుడు గాకుండ నల్లాకు గుడ్డ కట్టాలె. సహస్ర బడికి పోయేటప్పుడు బూట్లు చేత పట్టుకొని వాకిట్లకు పోయి తొడుక్కుంటది. పదేండ్ల పిల్ల. నడక నేర్చిన కాన్నించి మునివేళ్ళ మీద నడుసుడే నేర్చింది పాపం.

"మా కాలంల నైట్ షిఫ్టోని పెండ్లాం గాజులు మోచేతి దాక ఎగదోసుకొని అంట్లు తోమేది" అంటది అత్త సారవ్వ. ఆ మాటను సుత గుసగుసగనే అంటది. కొడుకు నిద్ర అంటే ఆమెకు దేవుని గుడి అసొంటిది.

జగదీశ్వర్ చెడ్డోడు గాదు. తాగడు, చెయ్యి లేపడు. "నీకేంది మమతా, బంగారమసొంటి మొగడు" అంటరు గోదావరిఖని కాలనీల ఆడోళ్ళు. ఆ బంగారానికి నిద్ర చెడిందంటె మాత్రం ఇల్లు కిష్కింధ. "రాత్రంత బొగ్గుబాయిల ఉండి వచ్చిన. నిద్ర మబ్బుతోటి మళ్ళ దిగితే పైకప్పు కూలేది సుత కానరాదు. నన్ను సంపుకుంటవా?" అంటడు. ఈ మాటకు ఏం జవాబు చెప్తది? అబద్ధం గూడ గాదాయె. బాయిల కాలు పోయిన రాయమల్లు కాక పక్క లైన్లనే ఉంటడు. అందుకే పదకొండేండ్ల సంది మమత నోరు మూసుకున్నది. మొగని పానం ముంగట తన గొంతు ఎంత అని తనకు తనే చెప్పుకున్నది.

అసలు ఆమె గొంతే ఆమె బతుకు. పెండ్లికి ముందు సంది మంచిర్యాలల ప్రైవేటు బళ్ళె సైన్సు చెప్పింది. చివరి బెంచీ పిల్లకు సుత ఇనపడే గొంతు. సహస్ర కడుపుల పడ్డంక "ఇగ చాలు తీయ్, ఇంటికాడ ఎవలు చూసుకోవాలె" అన్నరు. మానేసింది. ఆ 'చాలు' అన్న మాట పదేండ్లు ఆమె చెవుల్నే ఉన్నది.

మళ్ళ పాఠం చెప్పే యోగం ఇంటర్నెట్ తెచ్చింది. సకల జనుల సమ్మె అయిపోయి ఏడాది దాటింది, తెలంగాణ రాష్ట్రం ఇంక రాలే. అప్పుడే నరసింహమూర్తి అనే ఆయన, కోస్తా దిక్కు నుంచి వచ్చి కోచింగు నడిపేటాయన, పదో తరగతిల సైన్సు పోయి ఇంటికాడ కూసున్న ఆడపిల్లల కోసం ఆన్‌లైన్ క్లాసు మొదలు పెట్టిండు. కమాన్‌పూర్‌ల ఒక గది, మంచిర్యాలల ఒక గది. గదికో కంప్యూటరు, కెమెరా, గోడ మీద పెద్ద తెర. టీచరు ఎక్కడున్నా సరే, పొద్దుగాల పది గొట్టంగ తెర మీదికి రావాలె. "ఇంట్లో కూర్చునే చెప్పొచ్చండీ, మీరు గడప దాటక్కర్లేదు" అన్నడు ఆయన. ఆ మాటకే ఇంట్ల అందరు ఒప్పుకున్నరు. గడప దాటని నౌకరీ అంటే ఎవలకు చేదు?

జగదీశ్వర్ ఒక్క షరతు పెట్టిండు. "నా నిద్ర ఒక్కసారి చెడ్డా ఆ వైరు పీకేస్త."

కంప్యూటరు ఉన్నది లోపటి రూంల. మంచం ఉన్నది లోపటి రూంల. ముందటి రూంల కంప్యూటరు పెడదామంటే వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు చూస్తరు, దిష్టి తాకుతదన్నది సారవ్వ. మంచం ముందటేద్దామంటే అక్కడ ఎలుతురు, టీవీ, పైంగ ఇంటి యజమాని వాకిట్ల పండుకునుడేంది? ఇగ చూస్కో, మొగని నిద్ర, పెండ్లాం బడి ఒక్క గదిల ఇమడాలె.

మొదటి వారం ఆయనది ఫస్ట్ షిఫ్టు. తెల్లారంగనే బాయికి పోతడు. మమత ఆ వారం గొంతు ఇప్పింది, సూడాలె. నరసింహమూర్తి ఇచ్చిన సీడీల బొమ్మలు తిరుగుతుంటే, కటకాల పాఠం గంట సేపు గుక్క తిప్పుకోకుండ చెప్పింది. పదేండ్ల ఆకలి గద! అయిపోయినంక "అర్థమయిందా?" అని అడిగింది. "అయింది మేడం" అని రెండు గదులు ఒక్క తీరుగ పాడినై. మర్నాడు అడిగితే ఒక్కదానికీ ఒక్క ముక్క రాదు. తెర మీది బొమ్మ తిరిగింది, మేడం మాట్లాడింది, పిల్లలు సినిమా చూసినట్టు చూసిండ్రు. రెండో దినం, మూడో దినం గదే కథ. మమతకు మనసున పట్టలే. బళ్ళె అయితే బెంచీల నడుమ తిరుగుకుంట మొఖాలు చదివేది. ఈ తెరల అన్ని మొఖాలు ఒక్క తీరే.

రెండో వారం సెకండ్ షిఫ్టు. పొద్దుగాలంత మొగడు ఇంట్లనే. మూడో దినం నడుముకు తువ్వాల చుట్టుకొని మమత ఎనుకనుంచి, కెమెరాల పడేటట్టు పోయిండు. రెండు ఊర్ల ఆడపిల్లలు నోటికి చున్నీలడ్డం పెట్టుకున్నరు. ఇంకో దినం పాఠం నడుమ "మమతా, ఛాయ్ పెట్టవా ఏంది?" అన్నడు. కమాన్‌పూర్ గదిల రవళి అనే గడుగ్గాయి "సార్‌కు ఛాయ్ పెట్టి రాండ్రి మేడం, మేం ఉంటం" అన్నది. మమత లేచి పోయి పెట్టి వచ్చింది. సిగ్గుతోటి చెవులు కాలినై. ఛాయ్ పెట్టినందుకు గాదు. 'ఇప్పుడు పెట్టను' అని అననందుకు.

మూడో వారం నైట్ షిఫ్టు. ఎనకాల మంచం మీద మొగడు, ముంగట రెండు ఊర్ల పిల్లలు. మైకు బందు. చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పిల్లల మాట ఆమెకు ఇనస్తది, ఆమె మాట మాత్రం బయటికి రావద్దు. ఏం చెయ్యాలె? "క్లాసు లేదు" అంటే నరసింహమూర్తి ఇంకొకల్ని చూసుకుంటడు. మమత బిడ్డ పలక చేతికి తీసుకున్నది. గ్లాసు నిండ నీళ్ళు తెచ్చి కెమెరా ముంగట పెట్టింది. కాయితం మీద బాణం గుర్తు గీసి గ్లాసు ఎనుక పట్టింది. మెల్లగ దూరం జరిపింది. బాణం అటు దిక్కున్నది ఇటు దిక్కు తిరిగింది.

"అవ్వో! తిరగబడ్డది!" అన్నది రవళి.

మమత పలక మీద రాసింది: *ఎందుకు?*

పిల్లలందరు ఆమె చెప్పుతదేమో అని చూసిండ్రు. ఆమె చెప్పదు, ఎట్ల చెప్తది? ఎనకాల గురక. ఇగ తట్టుకోలేక పిల్లలు వాళ్ళలో వాళ్ళే మొదలు పెట్టిండ్రు. "మేడం చెయ్యి తిప్పింది" అని ఒకతి. "నీ మొఖం, నీళ్ళే తిప్పినై" అని ఇంకొకతి. మంచిర్యాల పిల్లలు అడ్డం పడ్డరు. మమత రాసింది: *మీరు చేసి నాకు చూపెట్టుండ్రి.* కమాన్‌పూర్ పిల్లలు ఉరికిపోయి పక్కన హోటల్ల గ్లాసు అడుక్కచ్చిండ్రు. తమ కెమెరా ముంగట పెట్టిండ్రు. దగ్గరుంటే తిరగలే, దూరం జరిపితే తిరిగింది. "దగ్గర ఎందుకు తిరగలే?" అని అడిగింది రవళే. ప్రశ్న పిల్ల నోట్లకెల్లి వచ్చింది! మమతకు కుర్చీల కూసోబుద్ధి కాలే. సంబురంతోటి అరవాలనిపించింది. అరవలే. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్ గని ముక్కు సుత చీదలే.

అట్ల ఆ వారం అద్దాలు, అయస్కాంతాలు, నిమ్మకాయ కరెంటు. కెమెరా అంటే తన మొఖం చూపెట్టెతందుకు గాదు, వస్తువును పిల్లల కంటికి ఆనిచ్చెతందుకని తెలిసింది. పిల్లల కెమెరా సుత పని చెయ్యాలని తెలిసింది. షిఫ్టులు మారినయ్, వారాలు తిరిగినయ్. మళ్ళ ఫస్ట్ షిఫ్టు రాంగనే పాత అలవాటు తన్నుకొచ్చేది, వారమంత మాట్లాడేది. మళ్ళ నైట్ షిఫ్టు రాంగనే పిల్లలు లేచి కూసునేటోళ్ళు. ఇది మమత కంటె ముందు పిల్లలే పసిగట్టిండ్రు. "మేడం, ఇయ్యాల పలక క్లాసా, మాట క్లాసా?" అని అడిగేటోళ్ళు.

ఎండలు మొదలైనంక హైదరాబాదు నుంచి ఒక ట్రస్టు తరఫున అరుణకుమారి అనే ఆమె క్లాసులు చూడ వస్తున్నదన్నరు. ఆమెకు నచ్చితే ఇంకిన్ని ఊర్లల్ల గదులు తెరుస్తరు, నచ్చకపోతే ఉన్నయి మూస్తరు. నరసింహమూర్తి ఫోన్ చేసి "మమత గారూ, మీరు ఊరికే కూర్చోండి. ఏం అడిగినా నేను చెప్తాను. మీ వారిని, అత్తగారిని కూడా తీసుకురండి, కుటుంబ సహకారం కనిపిస్తుంది" అన్నడు. మమత సరేనన్నది. ఈ క్లాసు పోతే మళ్ళ పప్పు గంజు పక్కనే గద.

అరుణకుమారి మెత్తటి మనిషి. రికార్డు చేసిన క్లాసులన్ని ముందే చూసుకొని వచ్చింది. కోచింగు హాల్ల అందరి ముంగట ఒక్కటే అడిగింది. "కొన్ని వారాలు టీచర్ అసలు మాట్లాడటం లేదు, కొన్ని వారాలు మొత్తం తానే మాట్లాడుతున్నారు. ఏ ప్రణాళిక ప్రకారం మారుస్తున్నారు?"

నరసింహమూర్తి లేచిండు. "అది మా పద్ధతి అండీ. ఒక వారం బోధన, ఒక వారం మౌనం. రెండూ పోల్చి చూడ్డానికి మేమే అలా రూపొందించాం."

మేమే! మమతకు అరికాలు మంట నెత్తికెక్కింది. ఊకుందామనే అనుకున్నది. పదకొండేండ్ల అలవాటు గద, ఊకునుడంత సులువైంది ఇంకోటి లేదు. గని కాళ్ళు లేపినై.

"పద్ధతి గాదు మేడం. అది మా ఆయన షిఫ్టు."

మమత ఆగలే. "నైట్ షిఫ్టు వారం ఆయన నా ఎనుకనే పండుకుంటడు. మాట్లాడితే లేస్తడు. అందుకే మాట్లాడలే."

అరుణకుమారి నవ్వలే. "మరి పిల్లలు ఏ వారం బాగా నేర్చుకున్నారు?"

"ఆయన పండుకున్న వారం" అన్నది మమత. నిజం చెప్పక తప్పలే.

వెనుక కుర్చీల నుంచి జగదీశ్వర్ గొంతు. "అంటే అంత నా నిద్ర పుణ్యమే గదా!" ఘొల్లున నవ్విండ్రు. చప్పట్లు సుత కొట్టిండ్రు. నరసింహమూర్తికి పోయిన పానం లేచి వచ్చింది. "ఈ సన్మానం జగదీశ్వర్ గారికేనండీ!" అనుకుంట తెచ్చిన శాలువ ఆయన భుజాల మీద కప్పిండు. సారవ్వ కొంగుతోటి కండ్లు ఒత్తుకున్నది. అరుణకుమారి మాత్రం మమత చెయ్యి పట్టుకొని, గదులు మూసేది లేదు, ఇంకిన్ని తెరుస్తమని చెప్పింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోల జగదీశ్వర్ శాలువ తియ్యలే. అంత ఎండల! "చూసినవా, వైరు పీకేస్తనన్న గని పీకిన్నా?" అన్నడు కుశాలగ. మమత ఆటో బయటికి చూసుకుంట కూసున్నది. లోపట ఒకటే గీపెడుతున్నది. మౌనం మంచిగనే పని చేసింది, ఎవలు కాదన్నరు? పిల్లలకు ప్రశ్న అడుగుడు వచ్చింది. గని ఆ మౌనం నేను ఏరుకున్నదా? నోరు నొక్కితే చేతులతోటి చెప్పిన. ఆ చేతుల తెలివి నాది, నోరు నొక్కిన పుణ్యం ఈయనదా? రేపు ఇంకిన్ని ఊర్లల్ల ఇంకెందరు టీచర్లు నా పద్ధతి అని ఊకుంటరు, మంచిదే. మరి మాట్లాడాల్సిన పాఠం నైట్ షిఫ్టు వారం వస్తే? నిప్పు, విషవాయువు, గనిల పేలుడు, వీటిని పలక మీద రాసి చెప్పుతనా? మొన్న నైట్ షిఫ్టు వారం ఆ పాఠం వస్తే రెండు ముక్కలల్ల ముగించిన. ఆ పిల్లల నాయినలు బాయిలనే ఉన్నరు. ఆ సంగతి ఎవలకు తెలుసు? నాకొక్కదానికే తెలుసు.

సోమవారం సంది మళ్ళ నైట్ షిఫ్టు. మంగళవారం పొద్దుగాల జగదీశ్వర్ బాయి నుంచి వచ్చే వరకు మంచం ముందటి రూంల ఉన్నది. కిటికీలకు రెండు పాత దుప్పట్లు కట్టి చీకటి చేసింది మమత. టీవీ వైరు తీసింది. పరుపు మీద ఉతికిన దుప్పటి పరిచింది, తలకాడ మంచినీళ్ళు పెట్టింది. "కోడలు మంచం బయటేసింది బిడ్డా, లోకం నవ్వుతది" అని సారవ్వ వాకిట్లనే ఎదురుపోయి చెప్పింది.

జగదీశ్వర్ గుమ్మంల నిలబడ్డడు. మొఖమంత బొగ్గు, కండ్లొక్కటే తెల్లగున్నయ్. "ఇదేంది మమతా? నా నిద్ర..."

"నీ నిద్ర నాకు కావాలె. నువ్వు బాయి దిగి మంచిగ పైకి రావాలె. అందుకే చీకటి చేసిన, తలుపు పెట్టుకుంట. అత్త ఈడ ఎవలనూ మాట్లాడనియ్యదు" అన్నది మమత. గొంతు పెద్దగ చెయ్యలే. "గని ఇగ మీద నేను ఎప్పుడు మాట్లాడాలె, ఎప్పుడు ఊకోవాలె అన్నది పాఠం చెప్తది. నీ షిఫ్టు గాదు."

ఆయన మంచం చూసిండు, దుప్పట్లు చూసిండు, బకెటు తీసుకొని స్నానానికి పోయిండు. మమత లోపటికి పోయి తలుపు పెట్టుకున్నది. రెండు ఊర్ల పిల్లలు తెర మీద కూసొని ఉన్నరు. నైట్ షిఫ్టు వారమని వాళ్ళకు సుత ఎరుకే. గ్లాసులు, కాయితాలు ముంగటేసుకొని రడీగున్నరు. మమత మైకు వేసింది.

"గ్లాసులు పక్కకు పెట్టుండ్రి. ఇయ్యాల గనిల గాలి ఎట్ల అంటుకుంటదో చెప్పుత. మీ ఇండ్లల్ల బాయికి పోయేటోళ్ళు ఎవలెవలున్నరు, చెయ్యి లేపుండ్రి."

దాదాపు అన్ని చేతులు లేచినై. మమత గొంతు సవరించుకున్నది. చివరి బెంచీ పిల్లకు సుత ఇనపడేటట్టు మొదలు పెట్టింది.