కొమ్ముపిడి చాకు

తెర వెనక నిలబడి ఆమె మరో సంచీ తెరిచింది. దువ్వెన, మందుబిళ్ళలు, మడిచిన చేతిరుమాలు, అడుగున రాలిన బిస్కట్ పొడి. "వెళ్ళండమ్మా" అంది.

కోర్టు భవనం గుమ్మంలో ఆడవాళ్ళను తనిఖీ చేసే పని ఆమెది. పక్క వరుసలో మగవాళ్ళను గుబురు మీసాలాయన చూస్తాడు. రంగు వెలిసిన ఆ ఆకుపచ్చ తెర వెనకే తల నెరిసింది కనక ఆమెకు 'తెరక్క' అని పేరు పడిపోయింది. ఆమె సొరుగులోకి చేరేవి చిన్న కత్తెరలు, గోళ్ళు కత్తిరించుకునే పనిముట్లు. చాకులన్నీ మీసాలాయన రేకు పెట్టెలోకే పోతాయి. చాకు ఉంచుకుని ఇత్తడి బిళ్ళ ఇస్తారు. వెళ్ళేటప్పుడు బిళ్ళ తిరిగిచ్చి చాకు తీసుకోవాలి. కాస్త తీరిక దొరికితే చాలు, ఆమె చూపు ఆ పెట్టెలోకే జారుతుంది.

"ఏంటక్కా, పెట్టెకి దిష్టి పెడతావా ఏంటి? ఎవరూ తిరిగి తీసుకెళ్ళనివి బోలెడున్నాయి, ఒకటి తీసుకోరాదూ!" అన్నాడు మీసాలాయన.

"నాకెందుకు?"

ఆ మాట ఆమె ఆలోచించి అనదు. సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామన్నప్పుడూ అలాగే వచ్చింది. ఒకాయన పెళ్ళి చేసుకుంటానని కబురు పంపినప్పుడూ అదే. మనసు ఇంకా తేల్చుకోకముందే నోరు తలుపేసేస్తుంది.

ఆ తలుపు మొదట పడ్డ రోజు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు మామయ్య అన్నయ్యకు మడతచాకు తెచ్చాడు. కొమ్ముపిడి, రెండు బ్లేడ్లు, మడిస్తే టిక్కుమని చప్పుడు. "మరి నాకో?" అందామె. అందరూ నవ్వారు. "ఆడపిల్లకి చాకెందుకే? వంటింట్లో కత్తుందిగా, వచ్చి కూరలు తరుగు" అంది అమ్మ. ఆమె ఇంకెప్పుడూ అడగలేదు.

అన్నయ్య మాత్రం అప్పుడప్పుడూ దాన్ని ఆమె చేతిలో పెట్టేవాడు. తెరవకూడదని షరతు. అతని జేబు వెచ్చదనం దానికింకా ఉండేది. గుప్పిట మూసి, ఆ బరువునంతా అరచేత్తో తాగుతున్నట్టు కూర్చునేది. అతను యాపిల్ తొక్కను ఎక్కడా తెగనివ్వకుండా ఒకటే రిబ్బనులా తీస్తుంటే రెప్ప వేయకుండా చూసేది.

ఉద్యోగానికి ఊరు వదిలే పొద్దున, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అన్నయ్య చాకు తీసి చాపాడు. "ఇదిగో మొండిఘటం, ఇక నీదే."

చేయి లేచింది కూడా. నోరే ముందు పడింది. "నాకెందుకు? వంటింట్లో కత్తుందిగా."

అమ్మకు తిప్పికొట్టాల్సిన మాట అన్నయ్యకు తగిలింది. అతని ముఖం చిన్నబోయింది. చాకు మళ్ళీ జేబులోకి పోయింది. ఇంకొక్కసారి అంటాడేమోనని వీధి మలుపు దాకా వెంట నడిచింది. అనలేదు.

రిటైరయ్యాక అతను ఇదే ఊరికి, నాలుగు వీధుల అవతలికి వచ్చాడు. ఆదివారాలు ఆమె వెళితే, అదే చాకుతో యాపిల్ ఒలిచి పెడతాడు. ఆమె ముక్కలు తింటూ చాకును చూస్తుంది. ఆ ఊసు ఇద్దరూ ఎత్తరు. ఇప్పుడతని గుండె బాగా నీరసించింది. డాక్టరు వదినను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు.

మధ్యాహ్నం కావస్తుండగా ఒక ముసలామె సంచీలో ఆమె వేళ్ళకు ఏదో గట్టిగా తగిలింది. చాకు. అరిగి అరిగి బ్లేడు సన్నబడింది.

"ఇదెందుకు మామ్మా?"

"పళ్ళు లేవుగా తల్లీ నాకు. ఏది తినాలన్నా చిన్న చిన్న ముక్కలు చేసుకోవాలి. చిన్నప్పట్నించీ నాతోనే ఉంది."

"ఎవరిచ్చారు?"

"మా నాన్న."

"ఊరికే ఇచ్చారా?"

"ఊరికే ఎవరిస్తారు? అడిగాను, ఇవ్వనన్నాడు. మళ్ళీ అడిగాను, కసిరాడు. నేనూరుకుంటానా? నా పోరు పడలేక ఇచ్చేశాడు." బోసినోటితో నవ్వి, బిళ్ళ తీసుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ అడగొచ్చన్న సంగతి తెరక్కకు ఇన్నేళ్ళలో తోచనే లేదు.

భోజనం వేళ లాకర్లోంచి ఫోన్ తీసి వదినకు చేసింది. "సాయంత్రం వస్తున్నానని చెప్పు వదినా. అన్నయ్యనొకటి అడగాలి."

"నువ్వా? అడగడమా? ఉండమ్మాయ్, ఈ మాట వింటే ఆయన లేచి కూర్చుంటారు!"

మధ్యాహ్నమంతా సంచీలు తడుముతూ ఒకే వాక్యాన్ని నోట్లో నానబెట్టింది. ఆ చాకు నాకిస్తావా అన్నయ్యా? ఒకసారి పైకే అనేసింది. ఎదురుగా ఉన్నావిడ బెదిరి, "నా దగ్గర చాకేం లేదు మేడం" అంది. మీసాలాయన తెర అవతల పడి పడి నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది.

ముసలామె బిళ్ళ ఇచ్చి తన చాకు తాను తీసుకుపోయింది. పని అవగానే తెరక్క లాకర్లోని ఫోన్ చూడనైనా చూడకుండా సంచీలో పడేసుకుని, గబగబా నడిచింది.

అన్నయ్య గుమ్మంలో చెప్పులు చాలా ఉన్నాయి. వాటిని దాటుకుని లోపలికి వెళ్ళింది.

"ఎన్నిసార్లు చేశామమ్మాయ్ నీకు!" వదిన ఆమె చేతులు పట్టుకుంది. "నువ్వు ఏదో అడుగుతావట అంటే ఎంత నవ్వారో! 'మొండిఘటం నోరు విప్పిందంటే ఏదైనా సరే ఇచ్చేయాల్సిందే' అన్నారు. నువ్వొచ్చేసరికి పండు ఒలిచి పెడతానని కూర్చున్నారు. మంచినీళ్ళు తెచ్చేలోపే, ఆ కుర్చీలోనే..." కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది, "ఏం అడగాలనుకున్నావమ్మాయ్?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె వైపు చూశారు.

"ఏం లేదు వదినా."

కిటికీ పక్క బల్ల మీద పళ్ళెంలో సగం ఒలిచిన యాపిల్ నల్లబడుతోంది. తొక్క ఎక్కడా తెగలేదు, పళ్ళెం అంచు దాటి కిందికి వేలాడుతోంది. దాని పక్కనే, మడవాలని ఎవరికీ తోచని కొమ్ముపిడి చాకు, బ్లేడు మీద రసం ఆరిపోయి, తెరిచింది తెరిచినట్టే ఉంది.